గోలి ఏసుకున్నవా

మాఘమాసం, మంగళవారం. ఆ రోజు నా పనుల పుస్తకంలో ఇలా ఉంది: మినప్పప్పు నానబెట్టాను. దుప్పట్లు ఉతికి మిద్దె మీద ఆరేశాను. గ్యాస్ బండ మార్చాను. వదినతో మాట్లాడాను. బాకీ: బీపీ చూపించుకోవడం.

ఆ కింద ఖాళీ. నానిన పప్పు రుబ్బుదామని గ్రైండర్ కడుగుతుంటే మా ఆయన దుకాణం నుంచి ఫోన్ చేశారు. బోధన్ నుంచి బడివాళ్లు చేశారట. వదిన బడికి బయల్దేరి మెట్లు దిగుతూ పడిపోయిందట. దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడట. మా ఆయన గొంతు మామూలుగానే ఉంది, ఎవరిదో కబురు చేరవేస్తున్నట్టు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "పొద్దుగాల గోలి ఏసుకున్నది గద." ఆ మాట ఎందుకన్నానో తెలియాలంటే మా వదిన గురించి కొంత చెప్పాలి.

ఆమె మా ఆయనకు అక్క. బోధన్‌లో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో కంప్యూటరు పని చేసేది. ఫీజు రసీదులు, మార్కుల కాగితాలు, టీచర్ల సెలవులు, అన్నీ ఆమె చేతి మీదే నడిచేవి. ఆమె భర్త చాలా ఏళ్ల కిందటే పోయారు. పిల్లలు లేరు. మాతో ఉండమని నిజామాబాద్ పిలిస్తే, ఆదివారం వచ్చి సోమవారం పొద్దున్నే మొదటి బస్సెక్కేది. మీలో ఎక్కువమందికి ఆమె తెలియదు. కానీ ఈ చుట్టుపక్కల కొన్ని ఇళ్లవాళ్లకు ఆమె గొంతు తెలిసే ఉంటుంది. "గోలి ఏసుకున్నవా?" అని రోజూ మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోను అడుగుతుంటే, అది మా వదినే.

వదిన ఇంటి గోడకు ఆనుకుని ఒక అవ్వ ఉండేది. ఇప్పటికీ ఉంది. అవ్వకు బీపీ. గోలి వేసుకున్నదీ లేనిదీ ఆమెకు గుర్తుండదు. ఒక్కోరోజు రెండుసార్లు వేసుకునేది, ఒక్కోరోజు అసలే మరిచేది. వదిన బడికి పోయే ముందు గోడ మీదుగా కేకేసి అడిగేది. అవ్వ వాకిట్లోంచి జవాబు చెప్పేది. ఒకసారి బడి పని మీద వదిన కొన్ని రోజులు హైదరాబాద్‌లో ఉండిపోవలసి వచ్చింది. అడిగేవాళ్లు లేరు. తిరిగొచ్చేసరికి అవ్వ కళ్లు తిరిగి పడి, మోచేతికి కట్టుతో కూర్చుని ఉంది. నేను లేకున్నా నా కేక ఉండాలె, అని వదిన అప్పుడే అనుకుందట. నాతో ఆ మాట అన్నది చాలా మామూలుగా, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ. ఇప్పుడు ఆ మాటే నన్ను వదలదు.

ఫోన్లో యాప్ చేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, తప్పులు చేసి, చెరిపి, మళ్లీ చేసి నేర్చుకుంది. బడి పని బడిదే. సాయంత్రాలు, ఆదివారాలు దీనికి. మా వంటింటి బల్ల మీద ఆమె ల్యాప్‌టాప్, పక్కన నా కూరగాయల పళ్లెం. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు. కానీ నేను పొద్దస్తమానం లెక్కలు రాసే మనిషిని గనుక, ఏమేం ఉండాలో సలహాలిచ్చేదాన్ని. నెలకు ఎన్ని గోలీలు పోయినయో చూపిస్తే బాగుంటుందన్నాను. బీపీ ఎంతున్నదో రాసుకునే గడి ఉండాలన్నాను. మందు అయిపోవచ్చినప్పుడు ముందే చెప్పాలన్నాను. అన్నీ విని, అన్నిటినీ పక్కన పెట్టేది.

"నీ పుస్తకం ఉన్నది గద గవన్ని రాయనీకి. దీంట్ల ఇంకోటి పెడితే అవ్వ ఏలు ఎక్కడ పెడ్తది?"

ఆమె కొలత అంతా అవ్వ వేలే. మొదట తెర మీద రెండు బటన్లు పెట్టింది, వేసుకున్న అని ఒకటి, వేసుకోలే అని ఒకటి. అవ్వ చేతికిస్తే ఆమె రెండూ వత్తింది, ఒకదాని తర్వాత ఒకటి, భద్రంగా. వదిన నవ్వి, రెండోది తీసేసింది. లేదు అని ఎవరూ చెప్పరు, చెప్పకపోతే అదే లేదు అంది. అలా తెల్లటి తెర మీద పచ్చటి పెద్ద బటన్ ఒక్కటే మిగిలింది. పసుపు చేతితో వత్తినా, తడి బొటనవేలితో వత్తినా పని చేయాలి. ఇక్కడ పసుపు అంటని వేలు ఏ ఇంట్లో ఉంటుంది? యాప్‌కు గోలి అనే పేరు పెట్టింది.

అడిగే గొంతు దగ్గర మాత్రం చాలా తిప్పలు పడింది. మొదట ఫోన్లో దొరికే మెషిన్ గొంతు పెట్టింది. "మీరు మాత్ర తీసుకున్నారా?" అని అడుగుతుంది అది. అవ్వ బ్యాంకువాళ్లనుకుంది. కొంగు సర్దుకుని, "నా తాన ఏం లేదు సారూ" అని ఫోను బోర్లా పెట్టేసింది. అప్పుడు వదిన తన గొంతుతోనే చెప్పి పెట్టింది: గోలి ఏసుకున్నవా? ఈసారి అవ్వకు గుర్తు పట్టడం కష్టం కాలేదు. "ఏసుకున్న బిడ్డా" అని ఫోనుకే జవాబు చెప్పి, తన పనికి తాను పోయింది. బటన్ వత్తలేదు. చెప్పేసింది కదా, ఇంకా వత్తడం ఎందుకు? మరో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లకిచ్చి చూస్తే వాళ్లూ అంతే. అడిగింది తెలిసిన మనిషైతే మనవాళ్లు నోటితోనే జవాబిస్తారు. వదిన తల పట్టుకుని, చివరికి ఇంకో మాట చెప్పి పెట్టింది. కాసేపు బటన్ వత్తకపోతే అదే గొంతు కొంచెం కసురుతూ అంటుంది: "నోటితోని చెప్పకు, వత్తు." అది విన్న రోజు అవ్వ బొక్కినోటితో పడీ పడీ నవ్విందట.

వత్తగానే ఇంకొకరి ఫోనుకు కబురు పోతుంది. కొడుకుకో, కూతురికో, ఎవరిని కలిపితే వాళ్లకు. "వేసుకుంది" అని ఒక్క ముక్క. వత్తకపోతే "ఇంకా వేసుకోలేదు" అని.

ఇక ధర. దీని మీద మేమిద్దరం గట్టిగానే వాదించుకున్నాం. వదిన పైసలు తీసుకోనంది. యాప్ దుకాణంలో పెట్టడానికి కట్టాలి, వేళకు అడిగించి, కబుర్లు అటూ ఇటూ చేరవేసే సర్వర్‌కు ఏటా కిరాయి కట్టాలి, అది ఆమె జీతంలోంచే పోవాలి. నేను క్యాలెండర్ వెనక లెక్క వేసి చూపించాను. ఆమె చూడనైనా లేదు. కారణం మా అత్తగారు. ఆమె పచ్చకామెర్లకు పసరు మందు ఇచ్చేది. చెరుకు బండ్లు పోయే బాట పక్కనే ఇల్లు, తెల్లవారకముందే వాకిట్లో జనం. ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. బెల్లం ముద్ద తెచ్చిపెట్టినా తిప్పి పంపేది. మందుకు పైసలు తీసుకుంటే చేతి గుణం పోతుందని ఆమె నమ్మకం. ఆమె కూతురు కంప్యూటరు నేర్చుకుంది గానీ ఆ నమ్మకాన్ని మాత్రం విడిచిపెట్టలేదు.

"మా అమ్మ పసరుకు తీసుకోలె. నేను గోలికి తీసుకుంటనా?"

నేను మూడు ఆదివారాలు ఆలోచించాను. పసరు తాగేవాళ్ల దగ్గర అత్తగారు తీసుకోలేదు, నిజమే. మరి ఇక్కడ గోలి వేసుకునేది ఒకరు, కబురు అందుకునేది ఒకరు. వేసుకునేవాళ్ల దగ్గర ఏమీ వద్దు. దూరాన దుకాణంలోనో, ఆఫీసులోనో కూర్చుని, వేసుకుందన్న కబురు చూసి నిమ్మళంగా పని చేసుకునేవాళ్లు ఉన్నారు కదా, ఆ నిమ్మళానికి కట్టమందాం, అన్నాను. వదిన ల్యాప్‌టాప్ తన వైపుకు తిప్పుకుని, "ఎంత?" అంది.

తొంభై తొమ్మిది అన్నాను, అందరూ అట్లాగే పెడతారు కదా అని.

"చెప్పుల దుకాణమా మనది?"

పెళ్లికి చదివించినట్టు నూట పదహార్లు పెడదామని ఆమే తేల్చింది, ఏడాదికి. అది ధర కాదట, కట్నం అట. ఇంత చిన్న యాప్‌కు ఇదేం అంకె అని బడిలో నవ్వారు. కానీ మనవాళ్లకు ఆ అంకె చూస్తే చేయి వెనక్కి పోదు. బాల్కొండ నుంచి ఒకాయన ఫోన్ చేసి, కట్టిన, పెండ్లి ఎవరిది అని అడిగాడు. బోధన్ దగ్గరి క్యాంపు నుంచి ఒక రైతు, వాళ్లది ఏనాడో కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ల నాన్నగారిని ఏసుకున్నవా అని ఏకవచనంలో అడుగుతోందని, వేసుకున్నారా అనిపించాలని మర్యాదగానే కోరాడు. మర్యాద గూడ కావాలంటే నూట పదహార్లకు రాదని వదిన అంతే మర్యాదగా చెప్పింది. ఆయన నవ్వి, ఇంకో ఫోనుకు కూడా పెట్టించుకున్నాడు, అమ్మగారి కోసం.

ఆమె పట్టుపట్టి పెట్టింది ఇంకొకటుంది. "వేసుకుంది" అన్న కబురు కింద సన్నటి అక్షరాలతో ఒక మాట: ఒకసారి మాట్లాడండి. నాకది నచ్చలేదు. నిమ్మళం అమ్ముతూ, మళ్లీ ఫోన్ చేయండి అంటే ఇక కట్టడం దేనికి అన్నాను. ఆమె కదల్లేదు.

"ఏసుకున్నదని చెప్తది గంతే. బాగున్నదని చెప్పదు గద పిల్లా."

ఆ తర్వాత ఆమెకే బీపీ వచ్చింది. తన యాప్ తనే పెట్టుకుని, కబురు నాకు వచ్చేలా కలిపింది. ఎనిమిది కొట్టేసరికి నా ఫోను మోగేది, "వదిన వేసుకుంది. ఒకసారి మాట్లాడండి." ఆ మాట కళ్ల ముందు ఉంటే చేయకుండా ఉండలేం. చేసేదాన్ని. ఏం మాట్లాడుకునేవాళ్లమో అడిగితే చెప్పలేను. బెండకాయ ముదిరిందని, నీళ్లు రాలేదని, బస్సులో ఎవరో పోట్లాడారని. చివర్లో మాత్రం ఒకటే అడిగేది, బీపీ చూపించుకున్నవా అని. నాకు తరచూ తల బరువెక్కుతుంది. ఈ వారం పోతానని ప్రతి వారం చెప్పేదాన్ని.

ఆ మంగళవారం కూడా కబురు వచ్చింది, ఫోన్ చేశాను. కాలువకు నీళ్లు వదిలారని, వీధిలో అందరూ చూడ్డానికి పోతున్నారని చెప్పింది. గొంతు హుషారుగానే ఉంది. ఆఖరున అదే అడిగింది. ఈ వారం పోతానన్నాను.

"నా లెక్క నువ్వు రాస్తున్నవ్. నీ లెక్క ఎవరు రాస్తరు? బాకీ రాసుకో ఇగ."

సరేనని నవ్వుతూ పుస్తకంలో బాకీ అని రాశాను. అరగంటకే ఆమె మెట్లు దిగింది. గోలి ఆమెను కాపాడలేకపోయింది. కానీ ఆ సన్నటి అక్షరాల మాట లేకపోతే, ఆ పొద్దున ఆమె గొంతు నేను విని ఉండేదాన్ని కాదు. అది తీసేద్దామన్నది నేనే.

మర్నాడు ఎనిమిదికి నా ఫోను మోగింది. "వదిన ఇంకా వేసుకోలేదు. ఒకసారి మాట్లాడండి." నేను కాష్ఠం దగ్గరికి పోయొచ్చినవాళ్ల బట్టలు నానబెడుతున్నాను. చేతులు అలాగే సబ్బునీళ్లలో ఉండిపోయాయి. చెప్పకపోతే అదే లేదు, అని ఆమె పెట్టిన నియమం. దానికి ఇంకేదీ తెలియదు. ఆ మర్నాడూ మోగింది. ఆమె పేరు తీసేయడం నాకు వచ్చు, ఒక్క బటన్ వత్తితే చాలు. వేలు పోలేదు.

పదో రోజు కర్మకు బోధన్‌లో అందరం ఆమె ఇంట్లో ఉన్నాం. విస్తరాకులు కడుగుతున్నవాళ్లు, లోపల ఏడ్చేవాళ్లు, వాకిట్లో మగవాళ్లు. గోడవతల అవ్వ కూడా వచ్చి గడప పక్కన కూర్చుంది. ఉన్నట్టుండి, "గోలి ఏసుకున్నవా?"

ఇల్లంతా ఒక్కసారి ఆగిపోయింది. అది అవ్వ బొడ్లో దోపుకున్న సంచిలోంచి. ఆమె నెమ్మదిగా ఫోను తీసి, తెరను కొంగుతో తుడిచి, బటన్ వత్తింది. తర్వాత వదిన గది వైపు చూసింది, ఎవరో పిలిస్తే చూసినట్టు. మా ఆయన లేచి వీధిలోకి వెళ్లిపోయారు.

తిరుగు బస్సులో ఆయన నాతో ఒకే మాట మాట్లాడారు. "ఆ గొంతు తీసెయ్యి. ఇంకెవ్వరిదన్న పెట్టు, లేకుంటే మొత్తం బంద్ చెయ్యి." ఆయన అక్క గొంతు. చిన్నప్పుడు ఆయన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. పరాయివాళ్ల సంచుల్లోంచి, వాకిళ్లలోంచి ఆ గొంతు వినబడుతుంటే ఆయన ఎట్లా తట్టుకుంటారు? నాకూ అదే భయం పట్టుకుంది. గంజ్ బజారులో పసుపు కొనడానికి పోతే ఏ కొట్టు వెనక నుంచి వినబడుతుందోనని చెవులు అప్పగించి నడిచేదాన్ని. వినబడకపోతే దిగులు. ఒకరోజు బోధన్ బస్సులో నా ముందు సీటు సంచిలోంచి వినబడింది. నేను నిలబడిపోయాను. ఆ సంచి పట్టుకున్నామె వెనక్కి చూసి, దిగుతావా అక్కా అని జరిగి దారిచ్చింది.

సర్వర్ కిరాయి గడువు దగ్గరపడింది. వదిన పాస్‌వర్డులు నాకు ఎప్పుడో ఇచ్చి ఉంచింది. ఇప్పుడు కట్టకపోతే అన్ని ఇళ్లలో అన్ని ఫోన్లూ ఒకేసారి మూగబోతాయి. మా ఆయన కోరుకున్నట్టే, ఎవరూ ఏమీ తీసేయనవసరం లేకుండానే. ఆ వారంలోనే మాక్లూర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. అక్క పోయిందని విన్నాడట. వాళ్లమ్మకు చూపు సరిగా లేదు. గొంతు మారిస్తే ఆమె వత్తదు.

"మా అమ్మకు చెప్పలేదక్కా. రోజు పొద్దుగాల గామెతోని రెండు ముచ్చట్లు చెప్పి గప్పుడు వత్తుతది. నడవనియ్యుండ్రి."

ఆ రాత్రి అన్నం దగ్గర ఆయనకు ఈ సంగతి చెప్పాను. విన్నారు. లేచి చేయి కడుక్కున్నారు. కట్టు అనలేదు, వద్దు అనలేదు. వద్దన్నమాట ఎటూ ముందే అని ఉన్నారు.

ఆ మధ్యలో నేను దవాఖానకు పోయాను. బాకీ రాసింది పుస్తకంలో అట్లాగే ఉంది, రోజూ పేజీ తిప్పేటప్పుడు కనబడుతుంది. డాక్టరమ్మ రెండుసార్లు చూసి, ఇన్నాళ్లు ఏం చేశావని అడిగి, పొద్దున ఒక గోలి రాసింది. ఇంటికొచ్చి చెబితే మా ఆయన చీటీని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. మోటర్లు బాగుచేసే చేతులతోనే దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, మందు తనే తెచ్చారు.

మర్నాటి నుంచి దుకాణానికి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగి అడగడం మొదలుపెట్టారు. "గోలి ఏసుకున్నవా?" మొదటి రోజు నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. తోబుట్టువులు కదా. ఏసుకున్న అనే దగ్గర చిన్న విరుపు, చివర్లో కొంచెం పైకి లేపడం, అన్నీ అవే. నాలుగైదు రోజులు చూసి చెప్పాను.

"గదే మాట, గదే తీరు. మీ అక్క అడిగినట్టే ఉన్నది."

ఆయన స్కూటర్ ఆపి గేటు మీద చేయి వేసి నిలబడ్డారు. ఎదురింటి పిల్లులు గోడ మీద పోతుంటే అటే చూస్తూ, దుకాణానికి పోయినాక కూడా రోజంతా అదే గుబులుగా ఉంటుందని, నేను చెప్పినా నమ్మబుద్ధి కావడం లేదని అన్నారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి నా చేతికిచ్చారు.

"నన్ను గూడ కలుపు దాంట్ల."

"నూట పదహార్లు కట్టాలె."

"నాకు గూడనా?"

"మీ అక్క పెట్టిన కట్నం. ఎవ్వరికీ తక్కువ లేదు."

కట్టారు. అదే పూట నేను సర్వర్ కిరాయి కూడా కట్టేశాను, ఏడాదికి. ఆ గొంతు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. కలిపింది ఆ గొంతుకే అని ఆయనకు తెలుసు.

నా ఫోన్లో ఎనిమిదికి కొంచెం ముందు పెట్టుకున్నాను. మొదటిరోజు, వంటింట్లో, నేను గోలి మింగి గ్లాసు కడుగుతున్నాను. బల్ల మీంచి అడిగింది. ఈ యాప్ తయారవుతుంటే మొదటి నుంచీ పక్కన కూర్చున్నదాన్ని. ఎక్కడ వత్తాలో, ఎందుకు వత్తాలో నాకంటే తెలిసినవాళ్లు ఇప్పుడు లేరు. అయినా కుళాయి కట్టకుండానే, వెనక్కి తిరగకుండానే అన్నాను.

"ఏసుకున్న వదినా."

నీళ్లు పోతున్నాయి. కాసేపటికి అదే గొంతు, కొంచెం కసురుతూ.

"నోటితోని చెప్పకు, వత్తు."

చేయి తుడుచుకుని వత్తాను. గేటు దగ్గర స్కూటర్ ఆగిన చప్పుడు, ఆయన ఫోను మోగిన చప్పుడు. అంతలో ఎనిమిదైంది. నా తెర మీద రోజూ వచ్చేది వచ్చింది, వదిన ఇంకా వేసుకోలేదు, ఒకసారి మాట్లాడండి. పచ్చటి బటన్ మీద నా వేలి పసుపు మరక అలాగే ఉంది. నేను తుడవలేదు.

పుస్తకంలో ఆ రోజు: పెసరట్టుకు నానబెట్టాను. మంచినీళ్లు పట్టాను. వదినతో మాట్లాడాను. బీపీ బాకీ, చెల్లు.